16కు వర్గమూలాలు రెండైతే √16 ఒక్కటే ఎందుకు?

నెల్లూరులో మా వీధిలోని ఇద్దరు పిల్లలు వేరువేరు బడుల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నారు. ఒకే వారంలో ఇద్దరికీ గణితంలో పరీక్ష జరిగింది, ఇద్దరికీ √16 విలువ రాయమనే ప్రశ్న వచ్చింది. అబ్బాయి 4 అని రాస్తే దిద్దినవారు దాని ముందు ఎర్ర సిరాతో ± గుర్తు చేర్చి అర మార్కు కోశారు. అమ్మాయి ±4 అని రాస్తే అక్కడ దిద్దినవారు ఆ ± గుర్తును కొట్టివేసి అర మార్కు కోశారు. ఆ సాయంత్రం రెండు కాగితాలూ మా అరుగు మీదికి వచ్చాయి. ఒక బడిలో తప్పయినది మరో బడిలో ఒప్పు ఎట్లా అవుతుందని పిల్లలకన్నా వాళ్ళ నాయనలే ఎక్కువ పట్టుబట్టి అడిగారు.

వాళ్ళకు చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. ఈ తగాదా ఆ రెండు బడులకే పరిమితమైనది కాదు. పరీక్షల కాలం వచ్చినప్పుడల్లా √4 విలువ 2 అనేవారికీ ±2 అనేవారికీ ఫోన్లలో వాగ్వాదం నడుస్తూనే ఉంటుంది. చిత్రమేమిటంటే, రెండు పక్షాలకూ తెలిసిన గణితం ఒక్కటే. 4ను వర్గం చేస్తే 16 వస్తుందనీ, −4ను వర్గం చేసినా 16 వస్తుందనీ ఇద్దరూ ఒప్పుకుంటారు. 'మూలం' అనే ఒకే మాటతో మనం మూడు వేరువేరు పనులు చేయించుకోవడం వల్లనే చిక్కు వస్తోంది.

వర్గం చేస్తే గుర్తు చెరిగిపోతుంది

ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేది దాని వర్గం. 4 × 4 = 16 కాబట్టి 4 వర్గం 16. (−4) × (−4) కూడా 16 కాబట్టి −4 వర్గమూ 16. రెండు ఋణ సంఖ్యల లబ్ధం ధనం ఎందుకు కావాలో బడిలో 'మైనస్ ఇంటూ మైనస్ ప్లస్' అని వల్లె వేయిస్తారు కానీ, దాని వెనుక ఉన్న సంగతి దుకాణం లెక్కలో సులభంగా కనిపిస్తుంది. ఒక దుకాణదారుకు నెలకు 4 వేల రూపాయల నష్టం వస్తోందనుకుందాం, అది −4. ఇంకో 4 నెలలు గడిస్తే అతని దగ్గర ఇప్పటికన్నా 16 వేలు తక్కువ ఉంటాయి, అంటే 4 × (−4) = −16. మరి 4 నెలల క్రితం? కాలం వెనక్కి పోతోంది కనుక అది −4, నెలసరి మార్పు −4; అప్పుడు అతని దగ్గర ఇప్పటికన్నా 16 వేలు ఎక్కువే ఉండేవి. అందువల్ల (−4) × (−4) = +16. ధనం, ఋణం అనే పేర్లు ఇట్లాంటి జమాఖర్చుల నుంచే వచ్చాయి. 628లో గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు ఈ గుణకార నియమాలను చెప్పినప్పుడు వాడిన మాటలూ ఇవే. తెలుగులో ఋణమంటే నేటికీ అప్పే.

ఇక్కడే ఒక చిన్న జాగ్రత్త అవసరం. (−4)² అంటే 16, కానీ కుండలీకరణాలు లేకుండా −4² అని రాస్తే దాని విలువ −16, ఎందుకంటే ముందు 4ను వర్గం చేసి తరువాతే ఋణ గుర్తు తగిలిస్తాం. నోటితో 'మైనస్ నాలుగు స్క్వేర్' అని చదివినప్పుడు ఈ రెండూ ఒకే రకంగా వినిపిస్తాయి.

ముందుకు నడిచినప్పుడు ఏ సంఖ్య ఇచ్చినా ఒకే వర్గం వస్తుంది. వెనక్కి నడిచేటప్పుడు ఆ నిశ్చయం ఉండదు, ఎందుకంటే 16ను చూసి అది 4 నుంచి వచ్చిందో −4 నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఈ విషయంలో సున్న ఒక్కటే మినహాయింపు: దానికి వర్గమూలం సున్న ఒక్కటే.

కావలి నుంచి నాలుగు కిలోమీటర్లు

నెల్లూరు నుంచి ఒంగోలుకు వెళ్ళే జాతీయ రహదారి సంఖ్య కూడా 16 కావడం మన ఉదాహరణకు కలిసివచ్చింది. ఆ దారిలో నడుమ ఉండే కావలిని సున్నగా పెట్టుకుందాం. అక్కడి నుంచి ఒంగోలు వైపు ఉన్న దూరాలను ధన సంఖ్యలతో, నెల్లూరు వైపు ఉన్న దూరాలను ఋణ సంఖ్యలతో గుర్తించుదాం. ఒక మిత్రుడు ఫోన్ చేసి, "నేనున్న చోటును సూచించే సంఖ్యను వర్గం చేస్తే 16 వస్తుంది, వచ్చి నన్ను కలుసుకో" అన్నాడనుకోండి. అతను కావలికి ఉత్తరాన 4 కిలోమీటర్ల దగ్గర ఉండవచ్చు, దక్షిణాన 4 కిలోమీటర్ల దగ్గరైనా ఉండవచ్చు. వెతకడానికి వెళ్ళేవాడు రెండు చోట్లూ చూడవలసిందే. అదే మిత్రుడు, "కావలి నుంచి నా దూరం ఎంతో చెప్పు, ఆటో మాట్లాడుకోవాలి" అని అడిగితే జవాబు 4 కిలోమీటర్లు మాత్రమే. ఏ ఆటో డ్రైవరూ −4 కిలోమీటర్లకు కిరాయి లెక్కకట్టడు.

ఒకే 16 నుంచి రెండు ప్రశ్నలు పుట్టాయి. ఎక్కడ ఉన్నాడని అడిగితే జవాబులు రెండు, ఎంత దూరమని అడిగితే ఒకటి. √16 అనే గుర్తు ఈ రెండింటిలో దేనికి చెందుతుందన్నదే తగాదా అంతా.

ఒకే మాటకు మూడు పనులు

ప్రాచీన భారతీయ గణితంలో తెలియని రాశిని 'యావత్తావత్' అని పిలిచి, దాన్ని కుదించి 'యా' అని రాసేవారు. ఆ పద్ధతినే కొద్దిగా మార్చి ఈ వ్యాసంలో తెలియని సంఖ్యకు 'య' అని వాడుతున్నాను.

మూలం అనే మాట చేసే మొదటి పని సమీకరణానికి సంబంధించినది. య² = 16 అనే సమీకరణాన్ని నిజం చేసే సంఖ్యలను దాని మూలాలంటాం; అవి 4, −4. రెండో పని ఒక సంఖ్యకు సంబంధించినది. ఏ సంఖ్యను వర్గం చేస్తే 16 వస్తుందో అది 16కు వర్గమూలం. ఈ నిర్వచనం ప్రకారం కూడా 4, −4 రెండూ వర్గమూలాలే. మూడోది √ అనే గుర్తును చదివే పని. √16ను మనం 'రూట్ పదహారు' అనో, 'పదహారు వర్గమూలం' అనో చదువుతాం. రెండో అర్థంలోని మాటతోనే మూడో దాన్నీ చదవడం వల్ల రెండూ ఒకటే అనిపిస్తుంది. నిజానికి √16 అన్నది 16కు ఉన్న రెండు వర్గమూలాల్లో ఋణం కాని దానికి పెట్టిన పేరు. దాన్ని ప్రధాన వర్గమూలం అంటారు; రెండోదాన్ని రాయవలసి వస్తే −√16 అని రాస్తారు.

ఒక ఇంట్లో ఇద్దరు కొడుకులు ఉన్నారనుకుందాం. 'వాళ్ళ అబ్బాయి' అంటే ఇద్దరిలో ఎవరైనా కావచ్చు, 'వాళ్ళ పెద్దబ్బాయి' అంటే ఒక్కడే. పెద్దబ్బాయి ఒక్కడే అన్నంత మాత్రాన చిన్నవాడు ఆ ఇంటివాడు కాకుండా పోడు. √ గుర్తు 'పెద్దబ్బాయి' వంటిది. √16 = 4 అని రాసినవారు −4ను కాదనడం లేదు, దాని పేరు వేరని మాత్రమే అంటున్నారు.

తెలుగులో ప్రశ్న అడిగే తీరు కూడా ఈ గందరగోళాన్ని కొంత పెంచుతుంది. '16కు వర్గమూలం ఎంత?' అని ఏకవచనంలో అడిగితే వినేవాడు ఒక సంఖ్య కోసం వెతుకుతాడు; '16కు వర్గమూలాలు ఏవి?' అంటే రెండింటి కోసం వెతుకుతాడు. ప్రశ్నపత్రాల్లో మొదటి వాక్యమే ఎక్కువగా కనిపిస్తుంది, దిద్దేటప్పుడు మాత్రం కొందరి మనసులో రెండో వాక్యం ఉంటుంది.

పాఠ్యపుస్తకాలు ఈ విషయంలో అస్పష్టంగా లేవు. చాలా ఏళ్ళు నడిచిన ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి గణిత పుస్తకం √4 విలువ 2 అనీ, −2 కాదనీ విడిగా చెప్పింది. తొమ్మిదో తరగతి పుస్తకం, ధన వాస్తవ సంఖ్య వర్గమూలాన్ని √ గుర్తుతో సూచిస్తే ఆ విలువ కూడా ధనమే కావాలని నిర్వచనంలోనే చేర్చింది. ఫోనులోని కాలిక్యులేటర్‌లో 16కు √ నొక్కినా 4 ఒక్కటే కనిపిస్తుంది.

భాస్కరుడు రెండన్నాడు, మరి అది తప్పా?

±4 పక్షం వారికి చరిత్రలో గట్టి అండే ఉంది. 12వ శతాబ్దపు గణితజ్ఞుడు భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' గ్రంథంలో ఇట్లా అంటాడు: "కృతిః స్వర్ణయోః స్వం, స్వమూలే ధనర్ణే, న మూలం క్షయస్యాస్తి, తస్యాకృతిత్వాత్." కృతి అంటే వర్గం, స్వం అంటే ధనం, క్షయమంటే ఋణం. ధన, ఋణ సంఖ్యల వర్గం ధనమే. ధన సంఖ్యకు మూలాలు ధనమూ ఋణమూ రెండూ. ఋణ సంఖ్య దేనికీ వర్గం కాదు కనుక దానికి మూలం లేదు. మొత్తం విషయాన్ని ఒకటిన్నర పంక్తిలో ఇమిడ్చిన తీరు చూస్తే ముచ్చట వేస్తుంది. 'మూలే' అని ద్వివచనం వాడే సౌకర్యం సంస్కృతానికి ఉంది, మనకు లేదు.

దాదాపు ఇదే నియమాన్ని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన కమ్మనాటి పావులూరికి చెందినవాడు. ఆ పేరున్న ఊరు ఇంకొల్లు మండలంలో ఉంది. 2022 వరకు అది ప్రకాశం జిల్లాలోనిదే, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ధనర్ణాల చర్చ మన ప్రాంతానికి కొత్తగా దిగుమతి అయినది కాదని చెప్పడానికి ఆ ఒక్క ఊరి పేరు చాలు.

అయితే భాస్కరుడు చెప్పింది వర్గమూలం అనే భావన గురించి. √ అనే గుర్తు ఆయనకు తెలియదు; ఆ గుర్తు మొదటిసారి అచ్చులో కనిపించింది 1525లో, జర్మన్ గణితజ్ఞుడు క్రిస్టాఫ్ రూడాల్ఫ్ పుస్తకంలో. పూర్తి వర్గాలు కాని సంఖ్యల మూలాలను భాస్కరుడు 'కరణి' అనే మాటలోని మొదటి అక్షరంతో సూచించేవాడు. అందువల్ల ఆయన వాక్యాన్ని √16 విలువ ±4 అనడానికి సాక్ష్యంగా తేవడం కుదరదు.

అంతకన్నా బలమైన సాక్షి స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్. 1770లో వెలువడిన తన బీజగణిత పుస్తకంలో ఆయన √4 అంటే +2, −2 రెండూ అని స్పష్టంగానే రాశాడు. 18వ శతాబ్దంలో ఆ గుర్తును అట్లా చదవడం సాధ్యమే, అది అజ్ఞానం కాదు. నేటి బడిపుస్తకాలు మరో ఒప్పందాన్ని ఎంచుకున్నాయి. ఆ ఎంపికకు గల కారణాలు నాకు బలమైనవిగానే కనిపిస్తున్నాయి, అవి ఇవి.

గుర్తుకు రెండు విలువలుంటే వచ్చే ఇబ్బంది

√9 + √16 ఎంత? ఒక్కో గుర్తుకు ఒక్కో విలువ అయితే 3 + 4 = 7. ఒక్కోదానికి రెండేసి విలువలైతే 3 + 4, 3 − 4, −3 + 4, −3 − 4 అని నాలుగు జవాబులు వస్తాయి: 7, −1, 1, −7. మూడు వర్గమూలాలను కూడితే ఎనిమిది దాకా పోతుంది. కూడిక జవాబు ఒకటి కాకపోతే ఆ తరువాత ఏ లెక్కా ముందుకు సాగదు.

పదో తరగతిలో నేర్చుకునే వర్గ సమీకరణ సూత్రం మరో ఆధారం. కయ² + గయ + చ = 0 అయితే దాని మూలాలు (−గ ± √(గ² − 4కచ)) / 2క. √ గుర్తులోనే రెండు విలువలూ ఉంటే దాని ముందు ± ఎందుకు రాస్తున్నట్టు? గుర్తు ఒక్క విలువనే ఇస్తుంది కనుక రెండోది పోకుండా ± బయట రాయవలసి వచ్చింది. √16 = ±4 అని రాసే విద్యార్థి కూడా ఈ సూత్రాన్ని రాసేటప్పుడు, తనకు తెలియకుండానే, √ విలువ ఒక్కటే అని ఒప్పుకుంటున్నాడు.

సరే, ఒక్కటే ఎంచుకోవాలనుకుందాం. ధనాన్నే ఎందుకు, ఋణాన్ని ఎందుకు ఎంచుకోకూడదు? ఇది ఇష్టం వచ్చినట్టు చేసిన ఏర్పాటు కాదు. √4 = 2, √9 = 3 అనుకుంటే వాటి లబ్ధం 6, అది √36కు సమానం; √అ × √ఆ = √(అ × ఆ) అనే నియమం చక్కగా నిలుస్తుంది. అదే √4 = −2, √9 = −3 అని నిర్ణయించి ఉంటే వాటి లబ్ధం +6, కానీ ఆ పద్ధతిలో √36 విలువ −6 కావాలి. నియమం అక్కడే విరిగిపోతుంది. ధన సంఖ్యల లబ్ధం ధనంగానే ఉంటుంది, ఋణ సంఖ్యల లబ్ధం ఋణంగా ఉండదు. ఎంపికకు అసలు కారణం ఈ అసమానతే.

వర్గం చేసి వెనక్కి వస్తే మొదటి సంఖ్యే దొరుకుతుందా?

ఈ ఒప్పందం వల్ల ఒక పర్యవసానం ఉంది, ఇంటర్మీడియట్ విద్యార్థులు ఎక్కువగా కాలుజారేది అక్కడే. √(య²) విలువ య అని చాలామంది రాస్తారు. య = 5 అయితే అది నిజమే. య = −5 అయితే య² = 25, √25 = 5; మొదలుపెట్టిన సంఖ్య −5, చేరిన సంఖ్య 5. అందుచేత సరైన జవాబు య పరమ మూల్యం, అంటే ఋణ గుర్తు ఉంటే దాన్ని వదిలేసిన విలువ, |య|. కావలి ఉదాహరణలో దూరం అన్నది ఇదే.

ఈ ఒక్క మెట్టును దాటవేస్తే ఏమవుతుందో చూపే పాత చమత్కారం ఒకటుంది. 16 − 36, 25 − 45 రెండూ −20 కనుక అవి సమానం. రెండు వైపులా 81/4 కలుపుదాం. ఎడమవైపు 16 − 36 + 81/4 అన్నది (4 − 9/2)²కు సమానం, కుడివైపు 25 − 45 + 81/4 అన్నది (5 − 9/2)²కు సమానం. ఇప్పుడు రెండు వైపులా వర్గమూలం తీస్తే 4 − 9/2 = 5 − 9/2, అంటే 4 = 5! తప్పు చివరి అడుగులో ఉంది. 4 − 9/2 అంటే −1/2, 5 − 9/2 అంటే +1/2. వాటి వర్గాలు సమానమే కానీ ఆ సంఖ్యలు సమానం కావు. పరమ మూల్యాలతో రాసి ఉంటే 1/2 = 1/2 అనే నిరపాయమైన వాక్యమే వచ్చేది.

ఇంకో రకం చిక్కు √ గుర్తు ఉన్న సమీకరణాల్లో ఎదురవుతుంది. √(య + 6) = య అనే దాన్ని తీసుకుందాం. రెండు వైపులా వర్గం చేస్తే య + 6 = య², అంటే య² − య − 6 = 0, దాని మూలాలు 3, −2. మొదటి సమీకరణంలో 3ను ప్రతిక్షేపిస్తే √9 = 3, సరిపోయింది. −2ను ప్రతిక్షేపిస్తే √4 = −2 అనవలసి వస్తుంది; √4 విలువ 2 కనుక అది చెల్లదు. వర్గం చేసినప్పుడు గుర్తు చెరిగిపోవడం వల్ల లోపలికి దూరిన అదనపు మూలమది. ± పక్షం వారి అర్థంలో అయితే −2 కూడా జవాబే అవుతుంది. అంటే ఈ వివాదం అర మార్కుతో ఆగదు. తప్పు జవాబుకు ఒక మార్కు కోసే జేఈఈ మెయిన్ వంటి పరీక్షలో అది ఏ ఎంపికను గుర్తించాలో మార్చేస్తుంది.

ఋణ మూలాన్ని పారేయడమా, ఉంచుకోవడమా?

నెల్లూరు వైపు ఇళ్ళ స్థలాలను అంకణాల్లో చెప్పుకుంటారు. అంకణానికి 72 చదరపు అడుగుల లెక్కన 50 అంకణాల స్థలం 3,600 చదరపు అడుగులు. అది సరిగ్గా చదరంగా ఉంటే ఒక్కో పక్క ఎంత పొడవు? పొడవును య అనుకుంటే య² = 3,600, కాబట్టి య విలువ 60 లేదా −60. ప్రహరీ గోడ −60 అడుగులు ఉండదు కనుక రెండోదాన్ని వదిలేస్తాం. ఇక్కడ వదిలేయమన్నది స్థలం స్వభావమే. సమీకరణానికి స్థలమన్నా గోడ అన్నా తెలియదు, అది రెండు జవాబులనూ నిష్పక్షపాతంగా ఇచ్చి ఊరుకుంది. గణాంకశాస్త్రంలో విస్తృతి (వేరియన్స్) నుంచి క్రమ విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) కట్టేటప్పుడు ధన వర్గమూలాన్నే తీసుకోవడానికీ ఇట్లాంటి కారణమే ఉంది.

ఇది చూసి ఋణ మూలం ఎప్పుడూ పనికిరానిదే అనుకుంటే పొరపాటు. భాస్కరుడి కోతుల లెక్కలు రెండు ఈ తేడాను ఎంతో బాగా చూపుతాయి. ఒకదానిలో మందలోని ఎనిమిదో వంతు వర్గమైనన్ని కోతులు తోపులో ఆడుకుంటున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి; మంద ఎంత? (య/8)² + 12 = య. దీన్ని సర్దితే (య − 32)² = 256, అంటే య − 32 విలువ 16 కావచ్చు, −16 కావచ్చు. మొదటిదానితో మంద 48, రెండోదానితో మంద 16. సరిచూస్తే 48లో ఎనిమిదో వంతు 6, దాని వర్గం 36, 12 కలిపితే 48. 16లో ఎనిమిదో వంతు 2, దాని వర్గం 4, 12 కలిపితే 16. రెండు జవాబులూ ఒప్పే. ఋణ వర్గమూలాన్ని ముందే పారేసి ఉంటే ఒక నిజమైన జవాబు దానితోపాటే పోయేది.

రెండో లెక్కలో మందలో అయిదో వంతు నుంచి మూడు తీసివేసి వర్గం చేసినన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒక కోతి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది. (య/5 − 3)² + 1 = య. మూలాలు 50, 5. రెండూ ధన సంఖ్యలే కనుక తొందరపడి రెండూ ఒప్పుకునే ప్రమాదముంది. కానీ 5లో అయిదో వంతు 1, అందులో నుంచి 3 పోతే −2. −2 కోతులను వర్గం చేస్తే 4 వచ్చి లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. అయినా వంతు నుంచి తీసివేయడానికే అక్కడ కోతులు చాలవు. వ్యక్తమైన, అంటే తెలిసిన, రాశి ఋణం కావడాన్ని లోకం నమ్మదంటూ భాస్కరుడు 5ను తోసిపుచ్చాడు. జవాబు గుర్తును చూస్తే చాలదనీ, దారిలో వర్గం కింద దాక్కున్న గుర్తును కూడా చూడాలనీ ఈ లెక్కతో తెలుస్తుంది.

మూడో రకం కూడా ఒకటుంది. 20 మీటర్ల ఎత్తున్న మేడ మీద నుంచి ఒక బంతిని సెకనుకు 15 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరితే అది ఎప్పుడు నేలను తాకుతుంది? గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే 20 + 15య − 5య² = 0, అంటే య² − 3య − 4 = 0; మూలాలు 4, −1. బంతి 4 సెకన్లకు నేలకు చేరుతుంది. −1 సెకను అంటే విసరడానికి ముందరి క్షణం. మన ప్రశ్నకు అది జవాబు కాదు, అయినా దానికీ అర్థముంది. ఒక సెకను ముందు ఎవరైనా నేల మీద నుంచి అదే బంతిని సెకనుకు 25 మీటర్ల వేగంతో విసిరి ఉంటే, అది సరిగ్గా ఆ క్షణానికి మేడ అంచును 15 మీటర్ల వేగంతో దాటుతూ ఉండేది. విసిరిన చెయ్యి ఏ అంతస్తులో ఉందో సమీకరణానికి తెలియదు కనుక ఆ దారిలోని రెండు కొసలనూ అది చూపించింది.

సంఖ్యలే ఋణమైతే

ఋణ సంఖ్యకు మూలం లేదన్న భాస్కరుడి మాట వాస్తవ సంఖ్యల పరిధిలో నేటికీ నిజమే. 1545లో ఇటలీ దేశస్థుడు కార్డానో, 10ని రెండు భాగాలుగా విడగొట్టి వాటి లబ్ధం 40 చేయమనే లెక్కకు 5 + √−15, 5 − √−15 అని జవాబులు రాసి, ఆ పరిధికి అవతల ఏముందో మొదటిసారి తొంగిచూశాడు. వాటిని గుణిస్తే 25 + 15 = 40 నిజంగానే వస్తుంది. ఇట్లాంటి సంఖ్యలనే ఇప్పుడు సంకీర్ణ సంఖ్యలంటున్నాం. వర్గం −1 అయ్యే సంఖ్యను 'ఐ' అని పిలుస్తున్నాం. −16కు వర్గమూలాలు 4ఐ, −4ఐ.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. ఇంతవరకు రెండింటిలో ధనమైనదాన్ని ఎంచుకున్నాం. ఐ ధనమా, ఋణమా? ధనమైతే దాని వర్గం ధనం కావాలి, ఋణమైనా దాని వర్గం ధనమే కావాలి, కానీ దాని వర్గం −1. కనుక అది రెండూ కాదు. 'పెద్దబ్బాయి' అనే గుర్తింపు కవలల విషయంలో పనికిరానట్టు, ఇక్కడ పాత ఒప్పందం పనికిరాదు. √−16 అంటే 4ఐ అని ఇంకో ఒప్పందం చేసుకోవచ్చు, చేసుకున్నారు కూడా. కానీ దానికి మూల్యం చెల్లించాలి: √−4 × √−9 = 2ఐ × 3ఐ = −6, లోపలి సంఖ్యలను ముందే గుణిస్తే √36 = 6. మనం ధన మూలాన్ని ఎంచుకోవడానికి కారణమైన నియమమే ఇక్కడ చేజారింది.

ఆయిలర్ √−1 × √−4 = √4 = 2 అని రాయడాన్ని తరువాతివారు చాలామంది పొరపాటుగా ఎంచారు. √ గుర్తుకు ఎప్పుడూ రెండు విలువలన్న ఆయన అర్థంలోనే చదివితే ఎడమవైపు ±2, కుడివైపు ±2 అవుతాయి కనుక అందులో పొరపాటు లేదని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదనలో పస ఉంది. సంకీర్ణ సంఖ్యల పై తరగతుల గణితంలో వర్గమూలాన్ని రెండు విలువలున్న వస్తువుగా చూసే పద్ధతి ఇప్పటికీ సజీవంగానే ఉంది, దానికి కారణం జ్యామితిలో కనిపిస్తుంది. సంకీర్ణ సంఖ్యలను ఒక తలం మీద బిందువులుగా గీస్తే, వర్గమూలం తీయడమంటే కోణాన్ని సగం చేయడం. 16 అనే బిందువు సున్న చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ చేసి బయలుదేరిన చోటికే వచ్చిందనుకుందాం. 4 దగ్గర బయలుదేరిన దాని వర్గమూలం అప్పటికి సగం ప్రదక్షిణే పూర్తిచేసి −4 దగ్గర తేలుతుంది. ఇంకో ప్రదక్షిణ చేస్తే కానీ అది తిరిగి 4కు చేరదు. ఒకటి అసలుది, రెండోది దాని నీడ అనుకునే వీలు అక్కడ లేదు. ఒకదాని నుంచి రెండోదానికి తెగకుండా నడిచి వెళ్ళవచ్చు. ఎక్కడో ఒకచోట కంచె వేసి ఇది దాటవద్దు అంటే తప్ప ఒక్కదాన్ని ఎంచుకోవడం కుదరదు, ఆ కంచెను సాధారణంగా ఋణ సంఖ్యల రేఖ వెంబడి వేస్తారు.

ఘనమూలాల గొడవ ఇంత లేదు. 8కి వాస్తవ ఘనమూలం 2 ఒక్కటే, −8కి −2 ఒక్కటే. మూడుసార్లు గుణిస్తే గుర్తు చెరిగిపోదు.

అరుగు మీది రెండు కాగితాలు

అచ్చయిన ప్రశ్న √16 కనుక అబ్బాయి జవాబే ఈనాటి పుస్తకాల ప్రకారం సరైనది. 16కు వర్గమూలాలు ఏవని అడిగి ఉంటే అమ్మాయిది పూర్తి జవాబు, అబ్బాయిది సగం జవాబు అయ్యేది. ± చేర్చి దిద్దినవారు తమ మనసులో ఆ రెండో ప్రశ్నకే మార్కు వేశారని నా అనుమానం.

ఆ మాట చెప్పి, చివరగా పలక మీద √((3 − 5)²) అని రాసి ఇద్దరి ముందూ పెట్టాను. అబ్బాయి వర్గమూ మూలమూ కొట్టివేసి −2 అన్నాడు. అమ్మాయి ±2 అంది. అబ్బాయి నాయన పలక తన వైపు తిప్పుకుని, మూడులో అయిదు పోతే మైనస్ రెండు, దాని వర్గం నాలుగు అని వేలితో లెక్క పెట్టుకుంటూ వచ్చి, √4 దగ్గర ఒక్క క్షణం ఆగి, "రెండే గదా" అన్నాడు.